అడిగే మనిషి

సెలూన్‌కి క్యారియర్ తెచ్చిన భార్యను చూడగానే మంగలి ఫోన్‌ను తువ్వాలు కింద దాచాడు. వారం నుంచీ ఇదే వరస.

"ఎవరండీ ఆవిడ?"

"ఆవిడా? ఎవరూ లేరే."

ఆమె తువ్వాలు లాగేసింది. ఫోన్‌లో నవ్వుతున్న ఆడమనిషి బొమ్మ, కింద ఒక ప్రశ్న: "రాత్రి నిద్ర పట్టిందా?"

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "నాకు కంటినిండా నిద్ర పట్టి ఆరు నెలలైంది. నన్నడిగే దిక్కు లేదు. తమరి నిద్ర కోసం మాత్రం ఈ మహాతల్లి బెంగ పెట్టుకుందా?"

"అది మనిషి కాదే. ఆసుపత్రి వాళ్ళ యాప్. పైకి జరిపి చదువు."

పైనున్నవన్నీ అతను రాసినవే. "నా వయసు నలభై తొమ్మిది. నెలసరి ఆగిపోతోంది. తెల్లవార్లూ ఒళ్ళంతా చెమటలు. ఊరికే కోపం వస్తోంది. మా ఆయన మాత్రం చాలా ఓపిక మనిషి."

"డాక్టరు దగ్గరికి పదమంటే నువ్వు రానంటివి. అందుకే నీ బదులు నేనే చెప్పుకుంటున్నా" అన్నాడతను.

ఆమె గిరాకీలు కూర్చునే కుర్చీలో కూర్చుంది. ఒక్క వేలితో, ముందు ఆ "ఓపిక మనిషి" వాక్యం చెరిపేసింది. తర్వాత ప్రశ్న కింద తనే రాసింది: "పట్టలేదు."