చచ్చినవాళ్ళు లేచే ఊరు

పాము పూరాను పిక్క మీద కరిచింది. పొద్దున్నే, మేకల దొడ్డి దగ్గర. ఎండ ఎక్కేసరికి కాలు మోకాలి దాకా నల్లబడింది.

తండ్రి ఇందలేసియో పూరాను గాడిద మీద కూర్చోబెట్టాడు. పడిపోకుండా నడుముకు చేయి వేసి పక్కనే నడిచాడు. ఎండిన వాగు రెండుగా చీలే చోట ఆగాడు.

ఎడమకు పోతే పట్నం. అక్కడ ఆసుపత్రి ఉంది. చేరేసరికి చీకటి పడుతుంది. కుడికి పోతే, మలుపు తిరగగానే, అమెరికావాళ్ళు కట్టుకున్న కొత్త ఊరు.

మామగారు ఫ్రాస్కో వెనక నుంచి వచ్చి చేతికర్రతో కుడివైపు చూపించాడు.

"ఇంకా ఏం ఆలోచిస్తావు అల్లుడూ? పట్నం చేరేలోపు పిల్ల దక్కదు."

"వాళ్ళు మనల్ని గుమ్మం ఎక్కనిస్తారా మామా?"

"ఎందుకెక్కనివ్వరు? నేను చూశాను కదా."

ఫ్రాస్కో చూసిందేమిటో ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. చలికాలంలో వాగు అవతలి ఒడ్డున మేకలు మేపుతూ చూశాడు. కాపలావాళ్ళు దగ్గరికి రానివ్వలేదు. అయినా అతని చూపు దూరానికి బాగానే ఆనుతుంది. తూటా తగిలిన మనిషి ఒకడు మేడ మీద నుంచి వీధిలో పడ్డాడు. నలుగురు మోసుకుని తెల్ల తలుపు ఇంట్లోకి తీసుకెళ్ళారు. మధ్యాహ్నం అదే మనిషి అదే తలుపు తీసుకుని సిగరెట్ కాలుస్తూ బయటికి వచ్చాడు.

ఇందలేసియో గాడిదను కుడివైపు తిప్పాడు.

"ఇంకోసారి చెప్పు మామా."

"వాడొక్కడే కాదు. ఆ రోజు చాలామంది పడ్డారు. రొమ్ము మీద నక్షత్రం బిళ్ళ పెట్టుకున్నవాడు ఒంటరిగా ఆ దొంగలందరికీ ఎదురు నిలబడ్డాడు. ఊళ్ళో మిగతా మగాళ్ళంతా తలుపులేసుకుని కూర్చున్నారు. వాడు మాత్రం అడుగు కదపలేదు. పడ్డవాళ్ళను, దొంగలైనా సరే, ఆ తెల్ల తలుపులోకే మోశారు. ఒక్కడికీ గొయ్యి తవ్వలేదు. అదీ డాక్టరంటే."

"డాక్టరు డబ్బు అడిగితే?"

"బిళ్ళవాడికి చెప్పుకుందాం. మేకను లాక్కుపోయి, పైగా మనల్నే తిట్టే మన పోలీసు గార్డుల్లాంటివాడు కాదు వాడు. దిక్కులేనివాడి పక్కన నిలబడే రకం. నా కళ్ళతో చూశాను."

"నీ కళ్ళా? మొన్న నక్కను కుక్కనుకుని రొట్టె పెట్టావు."

"పెట్టాను. అది తిన్నది కదా?"

పూరా కళ్ళు తెరిచింది. పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"తాతా, మేడ మీద నుంచి పడ్డ ఆయనకు నొప్పి పుట్టలేదా?"

"లేదమ్మా. బయటికి వచ్చి టోపీకి అంటిన దుమ్ము దులుపుకున్నాడు. అంతే."

"నేనూ దులుపుకుంటానా?"

"దులుపుకుంటావు తల్లీ."

పూరా తల గాడిద మెడ మీదికి వాలిపోయింది.

మలుపు తిరిగారు. ఊరు కనిపించింది. ఇళ్ళన్నీ ఒకే వరసలో, ముఖాలు వాగు వైపు తిప్పుకుని నిలబడి ఉన్నాయి. చర్చి గోపురం ఉంది. కటకటాల కిటికీతో జైలు ఉంది. ప్రతి ఇంటి నెత్తినా పెద్ద అక్షరాలతో ఏదో రాసి ఉంది. ఇద్దరికీ చదువు రాదు.

వీధిలో మనిషి లేడు. ఏ పొగగొట్టం నుంచీ పొగ రావడం లేదు.

"కుక్క కూడా మొరగదేం మామా?"

"కలిగినవాళ్ళ ఊరు. భోంచేసి పడుకుని ఉంటారు. కుక్కలూ అంతే."

ఇందలేసియో పిల్లను భుజాన వేసుకున్నాడు. ముందు జైలు గుమ్మంలో నిలబడి బిళ్ళవాడిని పిలిచాడు. ఎవరూ పలకలేదు. తెల్ల తలుపు దగ్గరికి పరుగెత్తాడు. నెత్తి మీది టోపీ తీసి చంకలో పెట్టుకుని తలుపు కొట్టాడు.

"డాక్టరుగారూ, పిల్లను పాము కరిచింది. ఒక్కసారి చూడండయ్యా. ఈ గాడిదను ఉంచుకోండి. నన్ను ఉంచుకోండి. మీరు చాలనేదాకా కట్టెలు కొడతాను."

లోపల అలికిడి లేదు.

"వాళ్ళకు మన మాట తెలియదేమో మామా."

"తలుపు కొట్టడానికి భాషెందుకురా. ఇంకా గట్టిగా కొట్టు."

కొట్టాడు. అరచేతితో, పిడికిలితో, చివరికి కాలితో. పూరా ఊపిరి అతని మెడకు తగులుతోంది. ఒకసారి తగిలి, మళ్ళీ తగలడానికి చాలాసేపు పడుతోంది.

ఫ్రాస్కో చేతికర్ర కింద పడేసి మనవరాలిని అందుకున్నాడు.

"పగలగొట్టు," అన్నాడు.

"బిళ్ళవాడు చూస్తే కాల్చేస్తాడు."

"కాల్చనీ. కాలిస్తే నిన్ను ఈ ఇంట్లోకే కదా మోసుకొచ్చేది."

ఇందలేసియో నాలుగడుగులు వెనక్కి వేశాడు. తలవంచి, భుజం ముందుకు పెట్టి, ఉన్న బలమంతా కూడదీసుకుని తలుపును గుద్దాడు. గడియ ఊడిపోయింది. తలుపు బార్లా తెరుచుకుంది.

లోపల డాక్టరు లేడు, మంచం లేదు, అసలు గదే లేదు. సినిమా కోసం నిలబెట్టిన ఆ ఒంటి గోడ కూలిపోకుండా వెనక నుంచి ఆనించిన దుంగలు, వాటి కింద ఎవరో తాగి పారేసిన సీసాలు, ఆపైన కొండల దాకా మళ్ళీ అదే ఎడారి.