నూటయాభై ఏండ్ల జాడ

"దొరికినాడు మామా!" సుధారాణి కంప్యూటర్ ముందు చప్పట్లు కొట్టింది. అమెరికా వాళ్లకు పూర్వీకుల జాడ వెతికిపెట్టడం ఆమె ఉద్యోగం.

"నూటయాభై ఏండ్ల కింద పగోళ్లకు భయపడి పారిపోయినాడు. పేరు మార్చుకోని, యాడో అడివి కొట్టి సేద్యం చేసుకున్యాడు. సచ్చేదాకా ఎవురికీ దొరకల్యా."

"మల్ల నీకెట్ల దొరికినాడు?" అన్నాడు ఆమె భర్త నాగేంద్ర.

"కూతురికి తన కన్నతల్లి పేరు పెట్టుకున్యాడు. ఈడ ప్రొద్దుటూర్లో కూసోని, ఆ పేరుతోనే పట్టేసినా!"

హత్య కేసులో సాక్ష్యం చెప్పినప్పటి నుంచీ ప్రాణభయంతో నాగేంద్ర ఆ గది దాటలేదు. సాయంత్రం బస్సుకు బెంగుళూరు వెళ్లిపోయి, అక్కడ వేరే పేరుతో బతకాలని సంచి సర్దుకున్నాడు.

ఉయ్యాలలో నిద్రపోతున్న కూతురిని చూశాడు. దానికి పెట్టింది తన తల్లి పేరే.

సంచిలోంచి చొక్కాలు ఒక్కొక్కటే తీసి, మళ్లీ కొక్కేనికి తగిలించాడు.