తాళం వేయని జాబితా

"మీ రోగుల జాబితా ఊరందరికీ కనిపిస్తోందమ్మా. దాన్ని మూసేయండి."

మనసు జబ్బులకు మందిచ్చే ఆసుపత్రి అది. కౌంటరు దగ్గరి అమ్మాయి తలెత్తింది. ఎదురుగా అరవై ఏళ్ల ఆవిడ, చేతిలో తడి గొడుగు.

"ఏ జాబితా?"

"పేర్లు, నంబర్లు, జబ్బులు, వాడే మందులు... ఫోన్లో ఒక్క లింకు నొక్కితే అన్నీ వస్తున్నాయి."

కౌంటరమ్మాయికి ఒళ్లు మండింది. ఆ జాబితా తయారుచేసింది తనే. కాగితాల గుట్టలన్నీ తీసేసి ఆన్‌లైన్‌లో పెట్టినందుకు డాక్టరుగారు నలుగురిలో మెచ్చుకున్నారు కూడా.

"మీకెలా దొరికింది? మీ పేరేంటి?"

"నా పేరెందుకులే తల్లీ. అది మూసేస్తే చాలు."

"ఓహో! ఇలా భయపెట్టి ఏదో అంటగట్టడానికి వచ్చారన్నమాట. ఇంకొకళ్ల గుట్టు దొంగచాటుగా చూడటానికి సిగ్గులేదూ, ఈ వయసులో?"

వరసలో కూర్చున్న రోగులంతా తలలు తిప్పి చూశారు. ఆవిడ ముఖం పాలిపోయింది.

"ఒక్కసారి చూడమ్మా. నీకు దండం పెడతాను."

"వాచ్‌మన్! ఈవిణ్ణి బయటికి పంపించు."

పంపించేశారు.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చున్నా కౌంటరమ్మాయి మనసు ఆ మాట మీదే ఉంది. అనుమానం పెనుభూతమంటారు. ఆసుపత్రి ఖాతా లేని సొంత ఫోన్లో లింకు నొక్కి చూసింది.

పాస్‌వర్డ్ అడగలేదు. మూడువందల పన్నెండు మంది బతుకులు బార్లా తెరుచుకున్నాయి.

అప్పుడు గుర్తొచ్చింది. నర్సులు రోజూ "నాకు తెరుచుకోవట్లేదక్కా" అని ప్రాణం తీస్తుంటే, విసుగొచ్చి, లింకు ఉన్న ఎవరికైనా తెరుచుకునేలా మార్చింది తనే. దాన్ని నర్సుల వాట్సాప్ గ్రూపులో పడేసింది. అక్కణ్నుంచి ఎవరు ఎవరికి పంపారో! కంచే చేను మేసింది.

గబగబా మూసేసింది. వెళ్లి డాక్టరుగారికి చెప్పేసింది. ఆయన అరవలేదు, అరిచినా బాగుండేది.

"అందరికీ ఫోన్ చేసి జరిగింది చెప్పు. క్షమాపణ అడుగు" అన్నారు.

మొదలుపెట్టింది. కొందరు తిట్టారు. ఒకాయన "మా ఇంట్లో ఎవరికీ తెలియదమ్మా" అని పెట్టేశాడు. తిట్టినవాళ్లే నయమనిపించింది.

పద్నాలుగో నంబరు ఒక స్కూలు మాస్టారిది. వయసు ఇరవై ఆరని రాసి ఉంది. ఎత్తింది మాత్రం ఆడగొంతు.

తడబడుతూ అంతా చెప్పింది.

"మా అబ్బాయి లేడమ్మా" అందా గొంతు. "ఆ జాబితా వాడి స్కూల్లో అందరి ఫోన్లలోనూ తిరిగింది. పిల్లలు కూడా నవ్వారట. తలెత్తుకోలేక, ఫోను ఇంట్లోనే పడేసి ఎటో వెళ్లిపోయాడు. నెల దాటింది, వెతుకుతూనే ఉన్నాం."

పొద్దున విన్న గొంతే. కౌంటరమ్మాయికి తల కొట్టేసినట్టయింది. ఫోను పట్టుకునే ఏడ్చేసింది.



"నువ్వా తల్లీ... ఏడవకు. మిగతా బిడ్డల పేర్లు మూసేశావు కదా?" అని అడిగింది ఆ తల్లి.