పట్టు తీగ

తలుపు మూసి చిగుసా చెవి ఒగ్గి వింది. ఎవరూ రావడం లేదు. బయట వాన ఒకటే హోరు.

చాప మీద రెండు కోటోలు, మనిషంత పొడవు తీగల వాద్యాలు, పక్కపక్కన ఉన్నాయి. ఇంకాసేపట్లో ఒకదాని తర్వాత ఒకటి వేదిక మీదికి వెళతాయి. తన పేరూ తన పీఠమూ ఎవరికిచ్చేదీ ఈరోజే తేల్చేస్తానన్నారు కురమిత్సు గురువుగారు. మిగిలిన శిష్యురాళ్ళు ఇద్దరే. చిగుసా, తోవాకో.

“నా పేరు తీసుకున్నది పాత పాటలే వాయించాలి. చచ్చేదాకా ఈ గడప దాటకూడదు,” అన్నారావిడ పొద్దున. “వాయిస్తుంటే తీగ తెగిందా, ఇక దానికి పీఠం లేదు. మా అత్తగారి నాటి నుంచీ అంతే.”

ఫుకుయామా ఊళ్ళో ఆవిడ మాటకు ఎదురు లేదు.

అరిగ కొత్త సంగీతం రాసేవాడు. కోటోను గీకిస్తాడు, కొట్టిస్తాడు, మధ్యలో ఊరికే కూచోబెడతాడు. అటక మీద ఎలకల్లా ఉందని గురువుగారు ఆ పాటను ఇంట్లో వినపడనివ్వరు. శిష్యురాళ్ళిద్దరూ చాటుగా నేర్చుకున్నారు.

“గెలిచినవాళ్ళు ఆవిడ సొత్తు. ఓడినవాళ్ళు నా వాటా. నాతో టోక్యో కచేరీలకి తీసుకుపోతా,” అన్నాడతను ఇందాక, గుమ్మంలో గొడుగు దులుపుతూ.

“చాల్లెండి, మీరూ మీ పాడు మాటలూ,” అంది చిగుసా.

ఇప్పుడు సంచిలోంచి కనుబొమ్మలు దిద్దుకునే బ్లేడు తీసింది. ఆ ఇంట్లో ఇప్పటికీ పట్టు తీగలే. గోడవైపు కోటో మీది గుడ్డ తొలగించి, వాద్యం తోక కొసన, ఎవరి కంటా పడని చోట ఒక తీగను సగం దాకా కోసింది. ఛీ, ఇంత పనికి దిగుతాననుకోలేదు. తోవాకో నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల. నోరారా అక్కా అని పిలుస్తుంది. దాని బతుకును తనే నాశనం చేస్తోంది. తెలుసు. అయినా చెయ్యి ఆగలేదు.

గుడ్డ కప్పిందో లేదో, తలుపు జరిగింది. తోవాకో!

“ఇక్కడున్నావా అక్కా! మొహం అలా పాలిపోయిందేం?”

“ఏం లేదే. భయం.”

“నీకు భయమేంటి? తప్పు వాయిద్దామన్నా నీ చేతులు వాయించవు. గురువుగారే అంటారుగా. నేనైతే అప్పుడే టోక్యోకి పెట్టె సర్దేసుకున్నా.” పకపకా నవ్వి చిగుసా చేతులు పట్టుకుంది. “అమ్మో, ఎంత చల్లగా ఉన్నాయో! ఇలా తే.”

తన అరచేతుల మధ్య పెట్టుకుని వెచ్చబడేదాకా రుద్దింది. చిగుసాకు అంతా చెప్పేయాలనిపించింది. చేతులు వెనక్కి తీసుకుంది.

వేదిక మీద పాత పాట మొదలైంది. జనం కదలకుండా కూచున్నారు. పాట వేగం అందుకుంది. అంత బాగా ఆ పాటను ఆ ఊళ్ళో ఎవరూ విని ఉండరు.

ఫట్‌మని తీగ తెగింది.

ఎవరో “అయ్యో” అన్నారు. ముందు వరుసలో గురువుగారు కళ్ళు మూసుకున్నారు. తోవాకో మొహంలో నెత్తురు చుక్క లేదు. “వద్దు, వద్దు” అని పెదవులు కదిలాయి.

వేళ్ళ మీదికి ఎగిరిపడిన తీగ కొసను పక్కకు తీసి, చిగుసా తన సొంత కోటో ముందు నుంచి లేచి, తెర చాటున నిలబడ్డ తోవాకో వైపు చూడకుండా గురువుగారికి వంగి దండం పెట్టింది.