చవకలో మంచి సైటు

"చుక్క ఎలా కనబడుతోందో చెప్పరా," అన్నాడు మెర్ల్.

తుపాకీ మీద బిగించి గురి చూసుకునే ఆ చిన్న సైటును గ్యారెట్ కంటికెదురుగా పట్టుకుని, తుపాకుల షాపు అవతలి గోడకున్న దుప్పి తలను చూశాడు. గాజులో ఎర్రటి చుక్క దుప్పి ముక్కు మీద నిలిచింది.

"గుండ్రంగానే ఉంది."

"గుండ్రంగా ఉంటే చాలదు. పోటీలో దగ్గర్లో పెట్టిన ఇనప పలకల్ని గబగబా కాల్చాలంటే చుక్క కాస్త పెద్దదుండాలి. ఇది ఆవగింజంత ఉంది. నువ్వు దాన్ని వెతుక్కునేలోపు పక్కవాడు కాల్చేసి కాఫీకి వెళ్ళిపోతాడు."

కౌంటరు వెనక నదీన్ నవ్వింది. షాపు ఆవిడదే. "మెర్ల్‌కి కళ్ళజోడు మారాక ప్రతి చుక్కా ఆవగింజే. నువ్వు వినకు నాయనా, ఇంకోటి చూడు."

ఇదంతా మెర్ల్ పుణ్యమే. పోయిన వారం హార్డ్‌వేర్ కొట్లో ఎదురుపడి, ఏడాదిగా క్లబ్బు తుపాకీ పోటీలకు ముఖం చూపించవేమని నిలదీశాడు. తన కార్బైన్ తుపాకీ మీది సైటు పాడైంది, కొత్తది కొనడానికి వీలుపడలేదని గ్యారెట్ నోటికొచ్చింది చెప్పి తప్పించుకోబోయాడు. మెర్ల్ తప్పుకోనిచ్చే రకం కాదు. ఈ శనివారం తన పని మానుకుని, చవకలో మంచిది ఇప్పిస్తానని ఇక్కడికి రప్పించాడు.

"ఇది చూడు," అంది నదీన్, ఇంకోటి ముందుకు జరుపుతూ. "బ్యాటరీ పక్కనుంచి మార్చుకోవచ్చు. సైటు విప్పక్కర్లేదు, గురి చెడదు. ఎండలో కూడా చుక్క కనిపిస్తుంది. ఖరీదు మాత్రం పెద్ద కంపెనీలవాటిలో మూడో వంతు."

"దెబ్బకి తట్టుకుంటుందా?" అన్నాడు మెర్ల్. "ఈ కార్బైన్లు పేల్చేది పిస్తోలు గుళ్ళే కానీ, కాల్చినప్పుడల్లా లోపలి బోల్టు వెనక్కొచ్చి కొట్టే దెబ్బకి నా పాతది నెలకే ఆరిపోయింది."

"మన క్లబ్బులో సగం మంది వాడేది ఇదే. ఒక్కటీ తిరిగి రాలేదు." నదీన్ గ్యారెట్ వైపు తిరిగింది. "మీ ఆవిడ కోరా ఎలా ఉంది? కిందటేడు పోటీకి మాంసం, బీన్సు వేసి చిల్లీ వండి తెచ్చింది. మావాళ్ళు ఇప్పటికీ అడుగుతారు."

"బాగానే ఉంది. వాళ్ళక్క దగ్గరికెళ్ళింది."

"అందుకే వీడిలా చిక్కిపోయాడు," అన్నాడు మెర్ల్. "డబ్బా సూపు మీద బతుకుతున్నట్టున్నాడు."

గ్యారెట్ నవ్వాననుకున్నాడు. పెదాలు కదలలేదు.

"ఇదే ఇచ్చెయ్యండి," అన్నాడు.

"కాల్చి చూడకుండానే? ఆగు." మెర్ల్ బయటికెళ్ళి, బండిలోంచి తన కార్బైన్ పెట్టె తెచ్చి కౌంటరు మీద తెరిచాడు. నదీన్ అది ఖాళీగా ఉందో లేదో చూసి, పాత సైటు తీసి కొత్తది బిగించింది.

"పద, వెనక రేంజిలో పది గుళ్ళు కాల్చి చూడు," అంటూ మెర్ల్ తుపాకీ అతనికి అందించబోయాడు.

గ్యారెట్ ఒక అడుగు వెనక్కి వేశాడు. చేతులు రెండూ కోటు జేబుల్లోకి పోయాయి. "భుజం నొప్పిగా ఉంది. మీరు కాల్చండి."

"ఎత్తి చుక్క చూడడానికి కూడా నొప్పేనా?"

"ఇప్పుడొద్దు."

"నా తుపాకీ ముట్టుకుంటే అరిగిపోతావా?" మెర్ల్ గొంతు తగ్గించాడు. "చవక సైటని నామోషీ పడుతున్నావేంట్రా? ఇక్కడ నిన్ను ఎగతాళి చేసేవాడెవడు? నేను మొదట్లో పెట్టుకున్నది చూసి గాజుపెంకు అన్నారు. దాంతోనే గెలిచాను."

"నామోషీ ఏం లేదు," అన్నాడు గ్యారెట్. చెవులు కాలిపోతున్నాయి.

నదీన్ మెర్ల్‌కి ఊరుకోమని కళ్ళతో సైగ చేసింది. సైటు విప్పి, తుడిచి, డబ్బాలో పెట్టి, ధర కొంత తగ్గించి చెప్పింది. బిగింపు సామాను ఊరికే వేసింది. అవి వద్దనడానికి అతను నోరు తెరిచాడు.

"తీసుకో నాయనా. ఫ్యాక్టరీలో షిఫ్టులు తగ్గించారని విన్నాను. కార్బైన్ ఎప్పుడు తెచ్చినా నేనే బిగించి గురి సరిచేసి పెడతాను."

"ఇంట్లో నేనే చూసుకుంటాను."

మెర్ల్ తలుపుదాకా వచ్చాడు. "రేపు తొమ్మిదికి పోటీ. మన స్క్వాడ్‌లో నీ పేరు రాయించేశాను. రాకపోతే నలభై మైళ్ళూ వచ్చి మంచం మీంచి లాక్కొస్తాను."

"వస్తాను."

"ఒరేయ్." మెర్ల్ అతని భుజం మీద చెయ్యి వేశాడు. "నువ్వు రావడం మానేస్తే ఏమైందో అని మాలో ఒక్కళ్ళం కూడా ఫోన్ చెయ్యలేదు. నీలాంటి మంచివాణ్ణి అలా వదిలెయ్యకూడదు. తప్పు మాదే."

"మెర్ల్..."

"ఏంటి?"

నలుగురు మనుషుల్లో తనకింకా చోటుందని గ్యారెట్‌కి ఏడాదిలో మొదటిసారి అనిపించింది. నిజం చెబితే ఆ చోటు అక్కడికక్కడే పోతుంది.

"ఏం లేదు. థాంక్స్."

బండిలో కూర్చుని తాళం చెవి తిప్పకుండా ఉండిపోయాడు. షాపు అద్దంలోంచి మెర్ల్ చెయ్యి ఊపాడు. తనూ ఊపాడు. రేపు పొద్దున్న జ్వరమని ఫోన్ చెయ్యాలి. ఆ పై వారానికి ఇంకేదో చూసుకోవాలి.

కోరాను కొట్టినందుకు, జన్మలో మళ్ళీ తుపాకీ ముట్టుకోవద్దని కోర్టు అతనికి చెప్పి ఏడాదైంది.