సదయ్య చుక్క

"ఒక్కసారి కన్ను పెట్టి చూడత్తా. చుక్క నెలవంక లెక్క కనవడ్తది," అని కొమురెల్లి బతిమాలాడు.

"మేకను తలకిందులు చూపెట్టిన యంత్రం అది. నా పెనిమిటిని గట్ల చూడ," అని సారవ్వ మొహం తిప్పుకుంది.

కొమురెల్లికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. గనిలోకి దిగేవాళ్ళు తలకు కట్టుకునే దీపాలను చూసుకునే లాంపు రూంలో అతని పని. ఆకాశం అతని పిచ్చి. రెండు అద్దాలు, ఒక రేకు గొట్టం కలిపి దుర్బిణి చేసుకున్నాడు. గోదావరిఖని కాలనీలో ఇంకెవరి వాకిట్లోనూ లేని వైభవం అది. కాకపోతే దాంట్లో ఏది చూసినా తలకిందులే. ఆకాశంలో కిందేమిటి, మీదేమిటి అని అతను ఎంత చెప్పినా అత్త వినదు.

ఆమె చూసేది వట్టి కళ్ళతోనే. పడమట, మూతబడ్డ పాత గని మీద, తుప్పు నిచ్చెన ఉన్న ఇనుప గోపురం పక్కన, పొద్దు గూకగానే ఒక పెద్ద చుక్క వెలుగుతుంది. ఆ గనిలోనే కిందటేడు పైకప్పు కూలి ఆమె భర్త సదయ్య పోయాడు; ఆ తర్వాతే గని మూతబడింది. కూతురింటికి వచ్చిన సారవ్వ తిండి మానేసి గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. దసరా వెళ్ళాక ఒక సాయంత్రం ఆ చుక్కను చూసి, "డ్యూటీ దిగి మీదికొచ్చిండు," అంది. ఆ పూట నాలుగు ముద్దలు తింది. అప్పటినుంచి చుక్క కనబడితేనే ఆమెకు అన్నం.

ఆ చుక్క శుక్రుడని కొమురెల్లికి తెలుసు. అది రోజురోజుకూ కిందికి జారుతోందనీ తెలుసు. పొయ్యి దగ్గర భార్యతో మెల్లగా చెప్పాడు.

"మల్లక్కా, ఇంకో వారమైతే అది సూర్యుని దిక్కు పోతది. మళ్ళ పొడిస్తే తెల్లారగట్ల తూర్పున పొడుస్తది. అత్త ఎట్ల బతుకుతది?"

మల్లక్క కళ్ళు తుడుచుకుంది. అవ్వకు మాత్రం చెప్పొద్దంది.

వారం గడిచింది. చుక్క పోలేదు. గోపురం కొసన, చీకటి పడుతుండగా, నిండుగా వెలిగింది. సారవ్వ కంచం ముందు కూర్చుంది. మల్లక్క సంతోషం పట్టలేక మొగుణ్ని ఆటపట్టించింది. ఇన్నేళ్ళ లెక్కలన్నీ అవ్వ నమ్మకం ముందు ఎగిరిపోయాయంది.

"నా లెక్కనే తప్పింది," అని కొమురెల్లి తల గోక్కున్నాడు.

పాపం, ఆ అవమానానికేనేమో, దుర్బిణిని ముట్టుకోవడమే మానేశాడు. ఓటీ పడిందంటూ రోజూ చీకటి పడ్డాకే ఇల్లు చేరుతున్నాడు. అంగీ నిండా తుప్పు మరకలు. లాంపు రూంలో ఇనుప అరలు తుడుస్తున్నాడట. ఉతకలేక చస్తున్నానని మల్లక్క గొణుగుడు.

ఒక సాయంత్రం ఈదురుగాలి లేచింది. చుక్క వచ్చింది గానీ, గడగడా వణికింది. సారవ్వ దిగ్గున లేచింది. ముట్టనని పంతం పట్టిన దుర్బిణిని అటు తిప్పి కన్ను ఆనించింది. చాలాసేపు తీయలేదు. తీశాక కొంగుతో కళ్ళు ఒత్తుకుని, పొయ్యి మీద వేడినీళ్ళు పెట్టింది.

కొమురెల్లి రాగానే అతని చేతుల మీద తానే నీళ్ళు పోసింది.

"చుక్కొచ్చిందా అత్తా?"

"వచ్చింది."

"మరి తిన్నవా?"

"నువ్వు రాంగనే తిందామని ఆగిన," అంటూ సారవ్వ రెండు కంచాలు పెట్టింది. గీసుకుపోయిన అతని అరచేతిని తన చేతిలోకి తీసుకుని నిమిరింది.

"నిచ్చెన మీద దీపంతోని తలకిందులుగ కనవడ్డవ్ కొడుకా, రేపటి సంది ఎక్కకు."