ఖాళీ గదిలో గాలి

గాలి ఎటు పోతుందో కంప్యూటర్‌తో లెక్కగట్టడం నేర్చుకుంటున్న కొత్తమ్మాయి, మొదటి పాఠానికి తను కూర్చున్న ల్యాబునే గీసింది. తలుపు, బల్ల, కుర్చీ, కుర్చీకి వెనక గోడమీద ఏసీ. సాయంత్రం నుంచీ ఆ ఏసీ గాలి మెడమీద కొడుతూనే ఉంది. బొమ్మలో మనుషుల్ని మాత్రం పెట్టలేదు. లెక్కని కింది అంతస్తులోని సూపర్‌కంప్యూటర్‌కి పంపింది.

ఫలితం వచ్చేసరికి బాగా పొద్దుపోయింది. తెరమీద గాలి గీతలు హాయిగా సాగి, తలుపు దగ్గర దేన్నో తప్పుకుని పోతున్నాయి. బొమ్మలో అక్కడ ఏమీ లేదు. తిరిగి చూస్తే గదిలోనూ లేదు.

బుర్ర గోక్కుని సీనియర్‌కి ఫోన్ చేసింది. "అన్నా, ఖాళీ చోట గాలి పక్కకి తిరుగుతోంది."

"లెక్కకోసం బొమ్మలో గదిని మరీ పెద్ద గళ్ళుగా కోసుంటావు. చిన్నవి చేసి మళ్ళీ నడుపు. తప్పయితే చెరిగిపోతుంది," అన్నాడతను ఆవలిస్తూ.

అలాగే చేసింది. కింద ఫ్యాన్లు హోరెత్తి, మెల్లగా సద్దుమణిగాయి.

చెరగలేదు సరికదా, ఈసారి గీతల మధ్య ఖాళీలో భుజాలు తేలాయి. తల తేలింది. పైగా అది తలుపు దగ్గర లేదు. కుర్చీకీ ఏసీకీ మధ్య ఉంది.

మళ్ళీ ఫోన్ చేసింది. "అన్నా, ఇప్పుడది కుర్చీ వెనక ఉంది. నేనెక్కడ తప్పు చేశాను?"

"కొత్త కదా, ఎక్కడో చేసుంటావులే. ఓసారి గీతలు చూడు. కుర్చీదాకా గాలి వస్తోందా?"

"రావట్లేదన్నా," అంటూనే ఆమె చెయ్యి మెడమీదకి వెళ్ళింది.

ఏసీ మోగుతూనే ఉంది. మెడకి గాలి తగలడం లేదు.